దేశానికి క్షిపణి, పౌరుడికి తుపాకీ... రెండూ ఒకటేనా?

అస్సాం మంత్రివర్గం 2025 మే 28న ఒక ప్రత్యేక పథకానికి ఆమోదం తెలిపింది. రేషన్ కార్డు, ఇళ్ల పట్టా లాంటి పథకం కాదు, తుపాకీ లైసెన్సుల పథకం. 'సున్నిత ప్రాంతాలు'గా గుర్తించిన చోట్ల ఉండే 'మూలవాసులు' దరఖాస్తు చేసుకుంటే, అర్హులకు లైసెన్సు ఇచ్చే విషయంలో ఉదారంగా ఉంటామని ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ ప్రకటించారు. ఆగస్టులో దీనికోసం ఆన్‌లైన్ పోర్టల్ కూడా తెరిచారు.

ఆ ప్రాంతాలు ఏవి? ధుబ్రి, బార్‌పేట, నగావ్, మోరిగావ్, సౌత్ సల్మారా-మన్‌కాచర్ పేర్లు చెప్పారు. ఇవన్నీ బెంగాలీ మూలాలున్న ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉండే జిల్లాలు. అక్కడ మూలవాసులు మైనారిటీలో ఉన్నారని, బంగ్లాదేశ్‌లో జరుగుతున్న పరిణామాల వల్ల వాళ్లు భయంతో బతుకుతున్నారని ప్రభుత్వం చెప్పిన కారణం. తుపాకీ ప్రభుత్వం కొనివ్వదు, లైసెన్సు మాత్రమే ఇస్తుంది. ఇది ప్రమాదకరమైన అడుగు అని ప్రతిపక్షాలు విమర్శించాయి.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: "వాళ్లు పెట్టుకుంటే మనం ఎందుకు పెట్టుకోకూడదు?" రెండోది కాస్త చదువుకున్నవాళ్లు చెప్పే మాట: "దేశాలన్నీ క్షిపణులు పెట్టుకోవట్లేదా? దేశానికి తప్పు కానిది మనిషికి ఎలా తప్పు అవుతుంది?"

ఈ రెండో ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. దీనికి జవాబు దొరికితే మొదటిదానికీ దొరుకుతుంది. అందుకే ముందు దేశాల సంగతి చూద్దాం.

భయం అబద్ధం కాదు

2025 సెప్టెంబర్ 9న ఇజ్రాయెల్ విమానాలు ఖతర్ రాజధాని దోహా మీద దాడి చేశాయి. హమాస్ నాయకులు లక్ష్యం అన్నారు. చనిపోయినవాళ్లలో ఖతర్ భద్రతా ఉద్యోగి కూడా ఉన్నాడు. మన తెలుగు రాష్ట్రాల నుంచి ఎన్నో కుటుంబాల మనుషులు పనిచేసే ఊరు అది. ఆ రాత్రి ఇక్కడ ఎన్ని ఇళ్లలో నిద్రలేదో మనకు తెలుసు.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, మధ్యప్రాచ్యంలో అమెరికాకు ఉన్న అతిపెద్ద సైనిక స్థావరం ఖతర్‌లోనే ఉంది. అల్ ఉదైద్. అమెరికా స్నేహం ఉంది, స్థావరం ఉంది, డబ్బుంది. అయినా బాంబు పడింది. ఎనిమిది రోజులు తిరక్కుండానే, సెప్టెంబర్ 17న సౌదీ అరేబియా వెళ్లి అణ్వాయుధాలున్న పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం మీద సంతకం చేసింది. ఒకరి మీద దాడి జరిగితే ఇద్దరి మీదా జరిగినట్టే అనేది దాని సారం. ఇలాంటి ఒప్పందం ఎనిమిది రోజుల్లో పుట్టదు, చర్చలు ఎప్పటినుంచో నడుస్తున్నాయి. కానీ సంతకం పడిన సమయం చాలా చెప్తుంది.

ఉక్రెయిన్ కథ ఇంకా పాతది. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు దాని గడ్డ మీద సుమారు 1,900 వ్యూహాత్మక అణు వార్‌హెడ్‌లు మిగిలాయి. వాటి మీట మాస్కో చేతిలోనే ఉన్నా, సంఖ్యలో ప్రపంచంలో మూడో స్థానం. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులను గౌరవిస్తామని రాసిచ్చాయి. ఉక్రెయిన్ ఆయుధాలు అప్పగించింది. 2014లో క్రిమియా పోయింది. 2022లో పూర్తి యుద్ధమే వచ్చింది. లిబియా 2003లో అణు కార్యక్రమం వదులుకుంది. 2011లో గడాఫీ ప్రభుత్వం నాటో బాంబుల మధ్య కూలిపోయింది. ఉత్తర కొరియా మాత్రం వదులుకోలేదు, 2006లో పరీక్ష జరిపింది. దాని మీద ఎవరూ దాడి చేయలేదు.

ఈ మూడు కథలూ చదివిన ఏ దేశ నాయకుడైనా ఏం నేర్చుకుంటాడు? కాగితం కాపాడదు, ఆయుధం కాపాడుతుంది అని. ఇది మంచి పాఠమా కాదా అనేది వేరే విషయం. కానీ దేశాలు దుర్మార్గంతోనే ఆయుధాలు కొంటున్నాయి అనుకుంటే పొరపాటు. ఎక్కువసార్లు కొనేది భయంతో. కాపాడతామని మాట ఇచ్చినవాడు ఆ సమయానికి రాడేమో అనే భయంతో.

ఇది ఇన్సూరెన్స్ లాంటిది కాదు

చాలామంది ఆయుధాన్ని ఇన్సూరెన్స్‌తో పోలుస్తారు. "వాడాలని కాదు, ఉంటే ధైర్యం" అంటారు. కామర్స్ చదివినవాళ్లకు ఈ పోలికలో తేడా వెంటనే కనిపిస్తుంది. నేను నా షాపుకు ఇన్సూరెన్స్ కట్టాను అనుకుందాం. దానివల్ల పక్క షాపువాడికి ఏ నష్టమూ లేదు. అతని రిస్క్ రూపాయి కూడా పెరగదు. అదే నేను షాపులో తుపాకీ పెడితే? పక్క షాపువాడి రిస్క్ ఆ రోజు నుంచే పెరుగుతుంది. నా ఉద్దేశం మంచిదే అని అతనికి ఎలా తెలుస్తుంది? అతనూ ఒకటి కొంటాడు. అప్పుడు నా ధైర్యం పోతుంది. నేను ఇంకా పెద్దది కొంటాను. ఇద్దరి జేబులూ ఖాళీ అవుతాయి, ఇద్దరి భయమూ పెరుగుతుంది.

దేశాల లెక్కల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ సైనిక ఖర్చు సుమారు 2.72 లక్షల కోట్ల డాలర్లు. ఒక్క ఏడాదిలో 9.4 శాతం పెరిగింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఇంత వేగంగా ఎప్పుడూ పెరగలేదు. ప్రపంచం 9.4 శాతం ఎక్కువ క్షేమంగా ఉందని ఎవరైనా చెప్పగలరా?

మన దగ్గరకే వద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. పెన్షన్లు, జీతాలు కలుపుకునే ఈ మొత్తం. అదే బడ్జెట్‌లో ఆరోగ్య శాఖకు ఇచ్చింది లక్ష కోట్ల లోపు, విద్యా శాఖకు సుమారు 1.28 లక్షల కోట్లు. పహల్గామ్‌లో 26 మందిని చంపిన దాడి తర్వాత మే 7 నుంచి 10 వరకు భారత్, పాకిస్తాన్ మధ్య క్షిపణులు, డ్రోన్లు నడిచాయి. వచ్చే నెలలోనే పాకిస్తాన్ తన రక్షణ బడ్జెట్‌ను 20 శాతం పెంచింది, అప్పుల కోసం ఐఎంఎఫ్ గుమ్మం ముందు నిలబడి ఉన్న పరిస్థితిలో.

అయినా దేశం సైన్యం లేకుండా ఉండాలని ఇక్కడ ఎవరూ అనడం లేదు. మన హైదరాబాద్ ఈ రంగానికి పెద్ద కేంద్రం. భారత్ డైనమిక్స్ 1970 నుంచి ఇక్కడే ఉంది. అబ్దుల్ కలాం సాహెబ్ 1982లో ఇక్కడి డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చాకే మన క్షిపణి కార్యక్రమం ఒక రూపానికి వచ్చింది. పృథ్వీ, అగ్ని, ఆకాశ్ పేర్లు మన పిల్లలకు కూడా తెలుసు. దాని గురించి మనం గర్వపడతాం, పడాలి కూడా.

మరి అలాంటప్పుడు పౌరుడి తుపాకీకి ఏం అడ్డం?

దేశాల మధ్య ఠాణా లేదు

తేడా ఇక్కడే ఉంది. ఒక దేశం మీద ఇంకో దేశం దాడి చేస్తే ఫోన్ చేయడానికి 100 నంబర్ లేదు. ఐక్యరాజ్యసమితి ఉంది కానీ, భద్రతా మండలిలో ఐదు దేశాల చేతిలో వీటో ఉంది. ఆ ఐదింటిలో ఒకటో, దాని స్నేహితుడో తప్పు చేస్తే అడిగే దిక్కు లేదు. గాజా విషయంలో అమెరికా వీటో ఎన్నిసార్లు వాడిందో చూశాం. పోలీసు లేని ఊళ్లో ఎవరి కాపలా వాళ్లే కాసుకున్నట్టు దేశాలు ఆయుధాలు పెట్టుకుంటాయి. అది వాటికి వేరే దారి లేక.

పౌరుల మధ్య ఆ పరిస్థితి లేదు. మన మధ్య రాజ్యాంగం ఉంది, ఠాణా ఉంది, కోర్టు ఉంది. మనం పన్నులు కట్టేదే దానికోసం. నేను కర్ర పట్టుకోను, నువ్వూ పట్టుకోకు, ఇద్దరి తరఫునా ప్రభుత్వం పట్టుకుంటుంది అనేది మన ఒప్పందం.

మన పెద్దలు ఈ విషయం ఆలోచించకుండా వదిలేయలేదు. 1878లో బ్రిటిష్‌వాళ్లు ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుల చేతుల్లో ఆయుధాలు లేకుండా చేశారు. దానిమీద కోపంతోనే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కును కూడా రాశారు. కానీ స్వతంత్రం వచ్చాక, 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ పెడితే సభ ఒప్పుకోలేదు. అప్పటికి సభ్యులు దేశ విభజన రక్తపాతాన్ని కళ్లారా చూసి ఉన్నారు. పైగా 19వ అధికరణలో సమావేశమయ్యే హక్కు ఇస్తూనే, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అని షరతు పెట్టారు.

అందుకే 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మన దేశంలో హక్కు కాదు, అనుమతి. ఒక్కో మనిషికి ఉన్న ముప్పును చూసి అధికారి ఇచ్చేది. 2019 సవరణలో ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు కూడా. దేశం మొత్తం చట్టం బిగిస్తుంటే, ఒక రాష్ట్రం మాత్రం ఒక వర్గానికి, కొన్ని ప్రాంతాల్లో, గేటు వెడల్పు చేసింది. అస్సాం పథకంతో వచ్చిన చిక్కు ఇదే. ఒకే ఊళ్లో ఉండే ఇద్దరిలో ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే, ఆ ఊరిని రెండు దేశాలుగా విడదీసినట్టే. ఇక వాళ్ల మధ్య కూడా ఠాణా లేనట్టే.

మన సరిహద్దులోనే చూసిన పాఠం

ఇది ఊహ కాదు. ఖమ్మం, వరంగల్ ప్రాంతాలవాళ్లకు బాగా గుర్తుండాలి. 2005లో ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో మావోయిస్టులను ఎదుర్కోవడానికి సల్వా జుడుం మొదలైంది. తర్వాత ప్రభుత్వం ఆదివాసీ యువకులనే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకుని, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో చేతికి తుపాకీ ఇచ్చింది. ఐదో తరగతి చదివినా చాలు అన్నారు. 2011 నాటికి వాళ్ల సంఖ్య సుమారు 6,500. ఒకే ఊరివాళ్లు, ఒకే తెగవాళ్లు రెండు వైపులా చేరి చంపుకున్నారు. ఊళ్లు వదిలి వేలమంది అడవి దాటి ఇటు వచ్చేశారు. ఇవాళ భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల అంచున గుడిసెల్లో కనిపించే గుత్తి కోయ కుటుంబాల్లో చాలామంది అలా వచ్చినవాళ్లే.

2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమని, 14, 21 అధికరణలకు వ్యతిరేకమని తీర్పు ఇచ్చింది. ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోమంది. ఆ తీర్పు రాసిన ధర్మాసనంలో ఒకరు మన రంగారెడ్డి జిల్లాకు చెందిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. 2025లో ఆయన ఉపరాష్ట్రపతి అభ్యర్థిగా నిలబడినప్పుడు, ఆ తీర్పు లేకపోతే నక్సలిజం 2020కే అంతమయ్యేదని హోం మంత్రి అమిత్ షా విమర్శించారు. అది తన సొంత తీర్పు కాదని, సుప్రీంకోర్టు తీర్పని ఆయన బదులిచ్చారు. పద్నాలుగేళ్ల తర్వాత కూడా ఈ ప్రశ్న చల్లారలేదు: రాజ్యం తన పనిని పౌరుడి భుజం మీద పెట్టొచ్చా?

మణిపూర్ రెండో పాఠం. 2023 మే 3న మొదలైన గొడవల్లో పోలీసు ఆయుధాగారాల నుంచి సుమారు 6,000 ఆయుధాలు ఎత్తుకుపోయారు. మైతేయిలు తమ రక్షణకే అన్నారు, కుకీలు తమ రక్షణకే అన్నారు. 250 మందికి పైగా చనిపోయారు, దాదాపు 60 వేల మంది ఇళ్లు వదిలారు. 2025 ఫిబ్రవరిలో గవర్నర్ అజయ్ కుమార్ భల్లా ఆయుధాలు అప్పగించమని గడువు పెడితే, వచ్చినవి వెయ్యి చిల్లర. చేతికొచ్చిన తుపాకీ అంత సులభంగా వెనక్కి పోదు.

మూడోది అమెరికా. అక్కడ తుపాకీ హక్కు. 100 మంది జనానికి 120 తుపాకులు ఉన్నాయని 2017 నాటి అంచనా. ఎందుకు కొన్నారని 2023లో ప్యూ సంస్థ అడిగితే, తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం మంది ఆత్మరక్షణే ముఖ్య కారణమన్నారు. మరి ఫలితం? 2023లో తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 46,700కు పైగా. అందులో 27,300 ఆత్మహత్యలు. అంటే దొంగ కోసం కొన్న తుపాకీ ఎక్కువగా ఇంటి మనిషినే తీసుకుంటోంది. కోపం, అప్పు, డిప్రెషన్... తుపాకీ దగ్గర ఉంటే ఆ ఒక్క నిమిషం దాటదు. పెట్రోలు బంకుల్లో, స్టోర్లలో పార్ట్‌టైం చేస్తూ కాల్పుల్లో పోయిన తెలుగు పిల్లల వార్తలు మనకు కొత్త కాదు.

మరి ఠాణావాడే రాకపోతే?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. "పోలీసులు ఉన్నారు కదా" అనగానే మన పెద్దల ముఖాల్లో ఒక చేదు నవ్వు కనిపిస్తుంది. దానికి కారణం ఉంది. 1987లో మీరట్ హాషింపురాలో ముస్లిం యువకులను ట్రక్కులో ఎక్కించుకుపోయి కాల్చింది యూనిఫాం వేసుకున్న పీఏసీ జవాన్లే. 2018లో ఢిల్లీ హైకోర్టు 16 మందికి యావజ్జీవం వేసింది. 31 ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యాన్ని ఎవరూ న్యాయం అని పూర్తిగా అనలేరు.

కానీ ఇంకో వైపు చూడండి. హాషింపురాలో ఇంటికో తుపాకీ ఉండి ఉంటే ఏం జరిగేది? ట్రక్కు బదులు ఫిరంగి వచ్చేది. చంపినవాళ్లు నేరస్తులుగా కాదు, విధి నిర్వహించినవాళ్లుగా మిగిలిపోయేవాళ్లు. సంఖ్యలో తక్కువ ఉన్నవాళ్లు ఆయుధాల పోటీలోకి దిగితే ఓడిపోతారు. ఓడిపోవడమే కాదు, తమ పక్షాన ఉన్న చట్టాన్ని కూడా పోగొట్టుకుంటారు. కత్తి పట్టుకుని రీల్ చేసే మన కుర్రాడికి ఇది ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఆ పదిహేను సెకన్ల వీడియో అతని మీద కేసు అవుతుంది, ఎదుటివాడికి లైసెన్సు అడగడానికి కారణం అవుతుంది.

పనిచేసిన దారి ఒకటుంది. మహారాష్ట్రలోని భివండి. మన తెలుగు పద్మశాలీలు, యూపీ నుంచి వచ్చిన ముస్లిం చేనేతకారులు కలిసి మరమగ్గాలు నడిపే ఊరు. 1970లో, 1984లో అక్కడ ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1988లో పోలీసు అధికారి సురేశ్ ఖోప్డే అక్కడ మొహల్లా కమిటీలు పెట్టారు. ప్రతి బస్తీలో హిందువులు, ముస్లింలు ఠాణావాళ్లతో కలిసి క్రమం తప్పకుండా కూర్చుని మాట్లాడుకోవడం, అంతే. 1992 డిసెంబర్, 1993 జనవరిలో పక్కనే ముంబై తగలబడుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది. దానికి పెట్టిన ఖర్చు ఎంత? కొన్ని కుర్చీలు, చాయ్.

మన దీన్‌లో కూడా ఈ రెండు వైపులూ ఉన్నాయి. శత్రువును ఎదుర్కోవడానికి సన్నద్ధంగా ఉండమనే సూరా అన్ఫాల్ 60వ ఆయత్‌ను చాలామంది చెప్తారు. దాని వెంటనే ఉన్న 61వ ఆయత్ ఎదుటివాళ్లు శాంతికి మొగ్గితే మీరూ మొగ్గాలని చెప్తుంది. దాన్ని చెప్పేవాళ్లు తక్కువ. పైగా ఆ సన్నాహం ఒక సమాజం బాధ్యతగా వచ్చింది, పక్కింటివాడి మీద ఒక్కొక్కరూ చేసుకునేదిగా కాదు. దైవప్రవక్త (స) యువకుడిగా ఉన్నప్పుడు మక్కాలో ఒక పరదేశి వ్యాపారికి అన్యాయం జరిగింది. అప్పుడు కొన్ని తెగల పెద్దలు ఒకచోట కూర్చుని, ఎవరికి అన్యాయం జరిగినా అందరం కలిసి నిలబడతామని ఒప్పందం చేసుకున్నారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. ఆ వ్యాపారి చేతికి ఎవరూ కత్తి ఇవ్వలేదు. అతని హక్కు ఇప్పించారు.

మనం అడగాల్సినవి

కాబట్టి "వాళ్లకు ఇస్తే మాకూ ఇవ్వండి" అనేది తప్పు డిమాండ్. అది ఒప్పుకుంటే, ఠాణా పనిచేయదని మనమే సంతకం పెట్టినట్టు. అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ఒకటి, ఆయుధ లైసెన్సు మనిషికి ఉన్న ముప్పును బట్టే ఇవ్వాలి, పుట్టుకను బట్టి కాదు. ఏ జిల్లాలో ఎన్ని లైసెన్సులు ఇచ్చారో ప్రభుత్వం బయటపెట్టాలి. ఆ లెక్క ఆర్టీఐ కింద మనమూ అడగొచ్చు.

రెండు, 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో, జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ పెట్టమంది. మన జిల్లాలో అది పనిచేస్తోందా? పోలీసు రాకపోతే, వచ్చి ఏకపక్షంగా ఉంటే, వెళ్లాల్సిన గుమ్మం అది. ఓట్ల కోసం వచ్చే నాయకుడిని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

మూడు, శాంతి కమిటీలు. మన దగ్గర అవి గణేశ్ నిమజ్జనం, మిలాద్, రంజాన్ ముందు ఒకసారి గుర్తొస్తాయి. ఫోటో దిగి వెళ్లిపోతారు. పండగ లేని నెలల్లో కూడా కూర్చోవాలని మన మసీదు కమిటీలే ముందుకొచ్చి ఠాణాను అడగొచ్చు.

దేశాల మధ్య ఠాణా కట్టడం మన చేతిలో లేదు. బస్తీలో ఉన్న ఠాణాను పనిచేయించడం మాత్రం కొంతైనా మన చేతిలో ఉంది. అది వదిలేసి తుపాకీ వెంట పడితే, ధుబ్రి కావచ్చు, మన ఊరు కావచ్చు, నష్టపోయేది ముందుగా మన పిల్లలే.